శ్రీకాకుళం చుట్టుపక్కల లారీలు లేని మట్టిదారులు: సైకిల్‌కి ఎటు వెళ్తే బాగుంటుంది?

పొద్దుటి సైకిల్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళమే. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి, అమ్మకి ఒంట్లో బాగుండక పోయిన ఏడాది ఇంటికి వచ్చేశాను, ఇప్పుడు ఇక్కడి నుంచే ఉద్యోగం. దసరాకి ఒక గ్రావెల్ సైకిల్ కొన్నాను. చూడటానికి రేసు సైకిల్‌లాగే ఉంటుంది, హ్యాండిల్ కూడా అలాగే వంపు తిరిగి ఉంటుంది, కాకపోతే టైర్లు లావు, 700 బై 40, డిస్క్ బ్రేకులు. తారు మీదా మట్టి మీదా రెండిటి మీదా నడుస్తుందనే కొన్నాను. కానీ మూడు నెలల్లో మట్టి మీద తొక్కింది చాలా తక్కువ, ఎందుకంటే ఎటు వెళ్లాలో నాకు తెలియదు.

ఇన్నాళ్లూ హైవే పక్క సర్వీసు రోడ్డు మీదే తొక్కాను. మొన్న ఆదివారం తెల్లవారకముందు ఒక టిప్పర్ నా మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది. దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను, పది నిమిషాల వరకు కాళ్లు స్వాధీనంలోకి రాలేదు. ఆ రోజే అనుకున్నాను, ఇక ఆ రోడ్డు వద్దని. నా ఒక్కడి సంగతైతే ఎలాగోలా సర్దుకునేవాణ్ణేమో, మా పాపకి పదమూడేళ్లు, తనకీ గేర్ల సైకిల్ ఉంది, నాతో వస్తానని రోజూ అడుగుతోంది. తనని ఆ రోడ్డు మీదికి తీసుకెళ్లలేను.

నాగావళి ఊళ్లోంచే పోతుంది కదా, ఒడ్డు వెంట దారి ఉంటుందని గుడివీధి కోటేశ్వరస్వామి గుడి దగ్గర మొదలుపెట్టి చూశాను. కొంచెం దూరం బాగానే ఉంది, తర్వాత తుప్పలు, చెత్త, ఆ తర్వాత దారే లేదు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే సన్నటి గీత ఒకటి ఏటి వెంబడి కనిపిస్తుంది, తీరా అక్కడికి వెళ్తే అది ఎవరిదో వంకాయ తోట. ఆ రైతు ఏమీ అనలేదు గానీ నాకే మొహమాటం వేసి తిరిగొచ్చేశాను.

నేను అడిగేది ఇదీ. కాలువ గట్ల మీద సైకిల్ తొక్కనిస్తారా? కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలిసే చోటి వరకు మెయిన్ రోడ్డు ఎక్కకుండా వెళ్లొచ్చా? కళింగపట్నం వైపు ఎవరైనా తోటల్లోంచి వెళ్లారా? పాపతో వెళ్లడానికి ఇరవై, పాతిక కిలోమీటర్లలో వెళ్లి వచ్చేసేది ఒకటి, నేను ఒక్కణ్ణే వెళ్లడానికి యాభై అరవై కిలోమీటర్లది ఒకటి చెప్తే చాలు. సంక్రాంతి వెళ్లింది కాబట్టి ఇప్పుడే మొదలుపెడదామని ఉంది.

లస్కరు గారబ్బాయి:

తమ్ముడూ, నీ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా పనిచేశారు, నా చిన్నతనం అంతా కాలువ గట్టు మీదే గడిచింది. లస్కరు అంటే తెలియని వాళ్లకోసం చెప్తాను: కాలువ వెంట రోజూ నడుస్తూ ఎక్కడ గండి పడేలా ఉందో, ఎక్కడ తూము మూసుకుపోయిందో చూసుకుని, షట్టర్లు ఎత్తి దించే మనిషి. నాన్న సైకిల్ వెనక కూర్చుని ఆ గట్లన్నీ తిరిగాను. ఇప్పుడు నా వయసు యాభై రెండు, ఇప్పటికీ వారానికి రెండుసార్లు అదే గట్టు మీద తొక్కుతాను, గ్రావెల్ సైకిల్ కాదు, మామూలు ఎంటీబీ, అంటే మౌంటెన్ సైకిల్.

మన ఊరికి ఉన్న సుఖం ఏమిటంటే, రెండు నదుల నీళ్లూ ఈ చుట్టుపక్కల పొలాలకు వస్తాయి. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట ఉంది, దాని ఎడమ కాలువ బూర్జ, ఆమదాలవలస మీదుగా మన శ్రీకాకుళం మండలం వైపు వస్తుంది, కుడి కాలువ సంతకవిటి, పొందూరు, ఎచ్చెర్ల వైపు పోతుంది. ఇంకోపక్క వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, దాని కుడి కాలువ సరుబుజ్జిలి, ఆమదాలవలస మీదుగా గార వైపు దిగుతుంది. ఈ కాలువలకి పిల్ల కాలువలు లెక్కలేనన్ని. ప్రతి పెద్ద కాలువకీ ఒక గట్టు వెడల్పుగా ఉంటుంది, అది డిపార్ట్‌మెంట్ జీపు తిరగడానికి వేసిన దారి. రెండో గట్టు సన్నం, గడ్డి పట్టి ఉంటుంది. కొత్తగా వెళ్లేవాళ్లు ఎటు ఎక్కాలో తెలియక సన్నపు గట్టు ఎక్కి, కిలోమీటరు వెళ్లాక తుప్పల్లో ఇరుక్కుని, కాలువలే బాగాలేవు అనేస్తారు. వంతెన మీద నిలబడి రెండు పక్కలా చూడు, టైరు గుర్తులు ఎటు ఉన్నాయో అటు వెళ్లు.

తొక్కనిస్తారా అన్నావు. నన్ను ఇన్నేళ్లలో ఎవరూ ఆపలేదు. గట్టు మీద పని జరుగుతుంటే దిగి నడిపించుకుని వెళ్లాలి, షట్టర్ల దగ్గర చెయ్యి పెట్టకూడదు, అంతే.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. కాలువ గట్టు మీద ఎత్తుపల్లాలు ఉండవు. నీళ్లు వాటంతటవే పారాలి కాబట్టి కాలువని చాలా తక్కువ వాలుతో, మెరకలు తప్పించి చుట్టూ తిప్పుకుంటూ తవ్వుతారు. అందుకే రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు ఉన్న ఊరికి గట్టు మీద పన్నెండు అవుతుంది, కానీ కాళ్లకి శ్రమ తెలియదు. మీ పాపకి ఇంతకంటే మంచి దారి దొరకదు. ఒక్క చోటే చిక్కు, కాలువకి అడ్డంగా గెడ్డ, అంటే వాగు, వచ్చే చోట. అక్కడ కాలువ గెడ్డ మీదుగానో కిందుగానో దాటుతుంది, గట్టు దారి మాత్రం తెగిపోతుంది. సైకిల్ భుజాన వేసుకుని గెడ్డలోకి దిగి ఎక్కాలి, లేకపోతే దగ్గర్లో ఉన్న ఊరి మీదుగా చుట్టు తిరగాలి. వేసవిలో గెడ్డలో మడమ తడిసేంత నీళ్లు కూడా ఉండవు. వానాకాలంలో మాత్రం గెడ్డలోకి దిగొద్దు, మోకాలి లోతు అనుకున్నది మనిషిని లాగేస్తుంది.

ఏ నెలలో వెళ్లాలన్నది కూడా చెప్పాలి. మ్యాప్ చూసి ఇది ఖాళీ దారి అనుకోవడం తప్పు, ఒకే గట్టు ఒక నెల ఖాళీ, ఇంకో నెల సంత. జూన్, జూలైలో కాలువకి నీళ్లు వదులుతారు, ఆకుమళ్ళు, నాట్లు, గట్టు నిండా ట్రాక్టర్లు, బురద. ఆ మట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య పట్టేసి చక్రం తిరగదు. నవంబర్, డిసెంబర్‌లో కోతలు, కుప్పలు, నూర్పులు. అప్పుడు గట్టు మీదా రోడ్డు మీదా ధాన్యం ఆరబోస్తారు. దాని మీంచి సైకిల్ పోనివ్వకు, అది ఒక ఇంటి ఏడాది కష్టం. దిగి పక్కనుంచి నడిపించు, లేదా వెనక్కి తిప్పు. సంక్రాంతి అయ్యాక, ఇప్పుడు, పొలాల్లో మినుములు పెసలు ఉంటాయి, నేల గట్టిపడి ఉంటుంది, మంచు పడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ గట్లు సైకిల్ కోసమే ఉన్నట్టు ఉంటాయి. మే నెలలో మళ్లీ పూడిక తీసి మట్టి తెచ్చి గట్టు మీదే పోస్తారు, పెళ్లలు పెళ్లలుగా ఉంటుంది, ఒక వాన పడి అణిగితే గానీ తొక్కలేం.

నీకు దారి కావాలి కాబట్టి చెప్తున్నాను. పాపతో అయితే ఆమదాలవలస వైపు వెళ్లు. ఊరు దాటేవరకు రోడ్డు తప్పదు, ఐదున్నరకల్లా దాటేస్తే ఇబ్బంది ఉండదు. తర్వాత మొదట కనిపించిన కాలువ వంతెన దగ్గర గట్టు ఎక్కి ఎగువకి వెళ్లు. గంట తొక్కి, ఎక్కడ ఉంటే అక్కడ ఆగి తిరిగి రండి. ఫలానా ఊరు చేరాలని పెట్టుకోకు, పిల్లలతో అది కుదరదు. ఒక్కడివే అయితే అదే గట్టు పట్టుకుని నారాయణపురం ఆనకట్ట దాకా వెళ్లు. ఏటికి అడ్డంగా ఆ కట్ట మీంచి పొద్దున్నే నీళ్లు పల్చగా జారుతుంటే చూడాలి. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ ఆనకట్ట ఉన్న సంతకవిటి మండలం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, కాబట్టి నీ సైకిల్ మీద జిల్లా దాటినట్టు కూడా అవుతుంది.

అరసవల్లి అప్ప:

లస్కరు గారబ్బాయి గారు చెప్పినవన్నీ నిజం, కాకపోతే ఆడపిల్లని తీసుకెళ్తున్నారు కాబట్టి నేను కొన్ని చెప్పాలి. నేను స్కూల్లో టీచర్‌ని, నలభై ఐదేళ్లు, నాలుగేళ్లుగా పొద్దున్నే సైకిల్ తొక్కుతున్నాను, మొదటి ఏడాది అంతా ఒక్కదాన్నే.

చీకట్లో గట్టు ఎక్కొద్దు. మగవాళ్లు నాలుగున్నరకి బయల్దేరదాం అంటుంటారు, ఎండ తగలకూడదని. గట్టు మీద ఆ వేళప్పుడు పాములు ఉంటాయి. కట్లపాము రాత్రంతా తిరుగుతుంది, రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, ఎండుగడ్డి రంగే దానిది. నాకు రెండుసార్లు కనిపించింది, రెండుసార్లూ వెలుతురు వచ్చాకే కాబట్టి దూరం నుంచే చూసి ఆగాను. ఒకవేళ కాటు పడితే తాడు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ చేయకుండా, కాలు కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికే తీసుకెళ్లాలి. పాపకి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, భయపెట్టినట్టు కాకుండా. ఇంకొకటి, పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టేవాళ్లు అక్కడక్కడా ఉన్నారు, అది నేరం, అయినా పెడతారు. చీకట్లో దారి దిగి పొలంలోకి అడుగు పెట్టకపోవడానికి అదొక్కటే చాలు.

రెండోది, కుక్కలు. ఊరి మొదట్లో నాలుగైదు కుక్కలు ఒకేసారి మీద పడ్డట్టు వస్తాయి. వేగం పెంచితే ఇంకా తరుముతాయి. నేను ఆగి, దిగి, సైకిల్‌ని నాకూ వాటికీ మధ్య పెట్టుకుని నడుస్తాను. పదడుగులు వెళ్లేసరికి ఊరుకుంటాయి. మీ పాప చేత ఇది ఒకసారి ఇంటి దగ్గరే చేయించి చూడండి.

మూడోది ఎవరూ అడగరు, మేమే చెప్పుకోవాలి. పొద్దున్నే గట్టు వెంట, ఏటి ఒడ్డున, జనం బహిర్భూమికి వస్తారు. ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆడవాళ్లు కూర్చుని ఉంటే సైకిల్ చూసి గాభరాగా లేస్తారు. వాళ్ల దారి అది, మనం కొత్తగా వచ్చినవాళ్లం. ఊరికి దగ్గరగా ఉన్న గట్టు ముక్క వదిలేసి, ఊరి వీధిలోంచి వెళ్లి అవతల గట్టు ఎక్కితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పొద్దు పొడిచాక వెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

ఒక్కదాన్నే తిరిగినప్పుడు నాకు మేలు చేసింది పలకరింపు. మొదట్లో తల దించుకుని గబగబా వెళ్లిపోయేదాన్ని, అందరూ వింతగా చూసేవారు. తర్వాత కనిపించిన ప్రతి పెద్దావిడనీ పలకరించడం మొదలుపెట్టాను. "ఏటమ్మా, పొద్దున్నే ఇటొచ్చినావు?" అని అడుగుతారు, ఏ వీధో, ఎవరి అమ్మాయో చెప్తాను. నెల తిరిగేసరికి ఆ దారిలో నన్ను ఎరగని ఇల్లు లేదు. ఒకసారి చైన్ తెగితే ఒక అవ్వ మనవణ్ణి పిలిచి ట్రాలీ ఆటోలో సైకిల్ ఎక్కించి పంపింది, నేను బలవంతం చేసినా డబ్బు తీసుకోలేదు, చోడంబలి (రాగి అంబలి) కూడా తాగించింది.

అరసవల్లి వైపు రథసప్తమి ముందురోజు, ఆ రోజు అసలు రాకండి, ఊరంతా జనమే. ఆదివారాలు కూడా ఎనిమిది దాటితే శ్రీకూర్మం రోడ్డు మీద ఆటోలే ఆటోలు. వారం మధ్యలో అదే రోడ్డు ఖాళీగా ఉంటుంది.

పొద్దుటి సైకిల్:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. అప్పా, మీరు చెప్పిన మూడో విషయం నాకు తట్టనే లేదు, ఆ రోజు ఏటి ఒడ్డున ఎందుకు అందరూ నన్ను అలా చూశారో ఇప్పుడు అర్థమైంది. అన్నా, ఈ శనివారం ఆమదాలవలస వైపు పాపతో వెళ్తున్నాం. ఒక సందేహం, ముళ్ల సంగతి ఏమిటి? రెండు వారాల్లో మూడు పంచర్లు అయ్యాయి. గాలి ఎంత పెట్టాలి? షాపులో 80 పెట్టి పంపారు.

ప్యాచ్ పెట్టె:

80 చాలా ఎక్కువ బ్రో. అది సన్నటి టైరుకి పెట్టే గాలి. 40 టైరుకి, మీరు డెబ్బై కిలోల దగ్గర ఉంటే, ట్యూబుతో అయితే వెనక 40 పీఎస్ఐ, ముందు 36 దగ్గర మొదలుపెట్టండి. రాయి తగిలి రిమ్ కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే రెండు పెంచండి, చేతులు తిమ్మిరెక్కుతుంటే రెండు తగ్గించండి. గాలి మరీ తగ్గిస్తే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి. పాము కాటులాగా జంటగా కన్నాలు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, గాలి తక్కువైందని అర్థం. పాపది తేలిక కాబట్టి తనకి ఇంకా ఐదారు తగ్గించొచ్చు.

ముళ్ల విషయానికొస్తే మన దగ్గర ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సర్కారు తుమ్మ. గట్టు మీద జంగిల్ క్లియరెన్స్ చేసి కొమ్మలు అక్కడే వదిలేస్తే వారం రోజులకి ఎండి ముళ్లు ఇనుప చీలల్లా అవుతాయి. కొత్తగా తుప్పలు కొట్టిన గట్టు కనిపిస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అదే అన్నిటికంటే ప్రమాదం, ఒక నెల పాటు అటు వెళ్లొద్దు. రెండోది పల్లేరు. నేల మీద పాకే మొక్క, పసుపు పూలు. పచ్చిగా ఉన్నప్పుడు పర్లేదు, కాయ ఎండాక ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. దారి మధ్యలో గడ్డి ఉండి రెండు పక్కలా చక్రాల గాడి ఉంటుంది కదా, గాడిలోనే వెళ్లండి, పక్కకి తిప్పుకుంటే పల్లేరు మీదికే వెళ్తారు.

మీ రిమ్ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదైతే మార్చేయండి, నేను మార్చి రెండేళ్లైంది. లోపల పోసే ద్రవం చిన్న కన్నాల్ని తనే పూడ్చుకుంటుంది. ముల్లు పీకేసి, కన్నం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే చాలు. కానీ మన ఎండలకి అది రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, పోసేశాం కదా అని మర్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది. అప్పటిదాకా ట్యూబే అయితే రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచీలు, టైరు తీసే లీవర్లు, చిన్న పంపు. ఈ నాలుగూ చాలు. పల్లెల్లో సైకిల్ షాపులు తగ్గిపోయాయి, ఉన్న చోట మోటార్‌సైకిల్ పంచర్ వేసేవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గర మన సన్నటి వాల్వుకి గాలి పట్టే నాజిల్ ఉండదు. దానికి పది, ఇరవై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, హ్యాండిల్ బ్యాగులో పడేసుకోండి, నన్ను ఒకసారి పన్నెండు కిలోమీటర్ల నడక నుంచి అదే కాపాడింది.

ట్యూబ్ మార్చేటప్పుడు టైరు లోపల వేలితో చుట్టూ తడిమి చూడండి. మూడు పంచర్లూ ఒకే చోట అయ్యుంటే ముల్లు ఇంకా టైరులోనే ఉంది.

గార నుంచి:

కళింగపట్నం, కళ్లేపల్లి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, మాది గార మండలమే.

ముందు కళ్లేపల్లి. మెయిన్ రోడ్డు అసలు ఎక్కకుండా కుదరదు, కానీ ఊళ్ల మధ్య చిన్న రోడ్లు ఉన్నాయి, వాటి మీద పొద్దున బడి బస్సులు మొదలయ్యే లోపు ఏమీ ఉండదు. ఒక్క జాగ్రత్త, ఇసుక. ఇసుక తోలే ర్యాంపు ఏ వైపు నడుస్తుంటే ఆ వైపు దారి మొత్తం ట్రాక్టర్లవే, దుమ్ము, గోతులు. అది నెలనెలా మారుతుంది, టీ కొట్టులో అడిగితే చెప్తారు. ర్యాంపు ఉన్న చోట ఏట్లోకి దిగొద్దు, ఇసుక తీసిన గొయ్యి పైకి కనబడదు, నీళ్లు మోకాలి లోతున్నట్టే ఉండి ఒక్క అడుగులో మనిషిని మింగుతుంది, పాపని అసలు దింపకండి. ఇంకోటి, నాగావళి పుట్టేది ఒడిశా కొండల్లో. ఇక్కడ చినుకు లేకపోయినా పైన రాయగడ వైపు గట్టిగా వాన పడితే మర్నాటికి ఇక్కడ ఏరు ఎరుపెక్కి పెరిగిపోతుంది. వానాకాలంలో ఆకాశం చూసి ఏటి దగ్గరికి వెళ్లకూడదు, వార్తలు చూసి వెళ్లాలి. కళ్లేపల్లిలో మణినాగేశ్వరుడి గుడి ఉంది. బలరాముడు నాగలితో నాగావళిని తెచ్చి ఒడ్డున ఐదు శివలింగాలు పెట్టాడని మా పెద్దవాళ్లు చెప్తారు, మీరు బయల్దేరిన గుడివీధి కోటేశ్వరుడు ఒకటి, ఈయన ఇంకొకడు. గుడి నుంచి గుడికి అనుకుని వెళ్తే పాపకి కూడా బాగుంటుంది.

ఇక మీ యాభై, అరవై కిలోమీటర్లు. నాకు నచ్చింది ఇది: అరసవల్లి మీదుగా శ్రీకూర్మం, అక్కడి నుంచి ఊళ్ల దారుల్లో గార, తర్వాత శాలిహుండం. శాలిహుండం కొండ ఎక్కాలి, చిన్నదే. పైన బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార. ఈ చోటు 1919లో లోకానికి తెలియజేసింది మన గిడుగు రామమూర్తి పంతులు గారు, వాడుక భాష కోసం పోరాడినాయనే. పొద్దున్న అక్కడ కూర్చుంటే ఏరు అంత వెడల్పుగా సముద్రం వైపు పోతూ కనిపిస్తుంది. అక్కడి నుంచి కళింగపట్నం ఐదారు కిలోమీటర్లే, ఏటి పక్కనే. తిరిగి వచ్చేటప్పుడు తీరం పక్క ఊళ్ల మీదుగా, సరుగుడు తోటల్లోంచి వస్తే రెండోసారి అదే దారి చూడక్కర్లేదు. సరుగుడు ఆకు రాలి నేల మీద మెత్తగా పరుచుకుని ఉంటుంది, దాని మీద టైరు చప్పుడు కూడా రాదు, గాలి మాత్రం సముద్రంలాగే హోరుమంటుంది. ఆకు కింద వదులు ఇసుక ఉంటే చక్రం కూరుకుపోతుంది, బ్రేకు వేయకుండా, తేలిక గేరులో, హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా తొక్కితే దాటేస్తారు. తోటలన్నిటికీ యజమానులు ఉన్నారు, నరుకుడు నడుస్తుంటే పక్కకి రండి.

గాలి లెక్క చూసుకోండి. పొద్దున గాలి దాదాపు ఉండదు, తొమ్మిది, పది దాటితే సముద్రం మీంచి మొదలవుతుంది. అందుకే సముద్రం వైపు పొద్దున్నే వెళ్లి, గాలి లేచాక ఇంటి వైపు తిరిగితే వీపు మీద తోసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం సముద్రం వైపు బయల్దేరితే ఎదురుగాలికి ప్రాణం పోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, సముద్రం ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉందని దాని మీద తొక్కొద్దు, ముఖ్యంగా ఇప్పుడు. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి వచ్చి ఇసుకలో గొయ్యి తీసి పెట్టి, కప్పేసి పోతాయి, పైకి ఏమీ కనిపించదు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైనే పడుతుంది. ఆ ఇసుక మీద చక్రం ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కూర్మనాథుడి గుడి ఉన్న మండలం మాది, తాబేలంటే మాకు దేవుడు. సైకిల్ తోట దగ్గర ఆపి నడిచి వెళ్లి చూడండి. పైగా ఉప్పునీళ్లు తగిలిన చైను వారానికే తుప్పు పట్టేస్తుంది.

లస్కరు గారబ్బాయి:

గార తమ్ముడు చెప్పింది చాలా బాగుంది. గొట్టా బ్యారేజీ వైపు కూడా ఎవరైనా అడుగుతారేమో, ముందే చెప్పేస్తాను. దారి అందంగా ఉంటుంది కానీ సీతంపేట, పార్వతీపురం కొండల వైపు ఏనుగులు తిరుగుతుంటాయి, ఒడిశా నుంచి దిగినవి, ఎప్పుడు ఏ ఊరి దగ్గర ఉంటాయో చెప్పలేం. అటు వెళ్లేవాళ్లు ముందురోజు ఆ ఊళ్లవాళ్లని కనుక్కోకుండా బయల్దేరొద్దు. పాపని తీసుకుని అసలొద్దు.

పొద్దుటి సైకిల్:

వెళ్లొచ్చాం. శనివారం ఐదున్నరకి బయల్దేరి పొద్దు పొడిచే వేళకి గట్టు ఎక్కాం. వంతెన మీద నిలబడి టైరు గుర్తులు చూసి ఎక్కమన్నారు కదా అన్నా, పాపే కనిపెట్టింది. వెనక 40, ముందు 36 పెట్టాను, అదే సైకిలా అనిపించింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే కాలువ కనిపించదు, నీళ్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మినుము చేలల్లో కొంగలు. తొమ్మిది కిలోమీటర్ల వరకు మాకు ఎదురైన బండ్లు మూడు, అందులో ఒకటి ఎడ్లబండి.

ఒక గెడ్డ దగ్గర దారి తెగింది. నేను రెండు సైకిళ్లూ మోస్తాను అంటే పాప ఒప్పుకోలేదు, తనది తనే మోసుకుంది. అవతల ఒడ్డున ఒక తాత గేదెల్ని తోలుకొస్తూ మమ్మల్ని చూసి ఆగిపోయాడు. అప్ప చెప్పినట్టు నేనే ముందు పలకరించాను. ఎక్కడి నుంచి, ఎవరి తాలూకు, ఈ సైకిల్ ఎంత అని అన్నీ అడిగి, ధర చెప్తే కాసేపు నోట మాట రాలేదు ఆయనకి, తర్వాత పాపతో "పైన తూము కాడ గట్టు మెత్తబడింది, దిగి నడు తల్లీ" అన్నాడు. నిజంగానే అక్కడ ఒక పక్క కోసుకుపోయి ఉంది. ఆయన చెప్పకపోతే నేను చూసుకునేవాణ్ణి కాదు, ఎండ కళ్లలో పడుతోంది.

టైరు తడిమి చూశాను బ్రో. తుమ్మ ముల్లు మొన ఒకటి, వెంట్రుకంత, లోపలే ఉంది. మూడు పంచర్లూ దానివే.

అన్నా, ఆ తూము దగ్గర గట్టు సంగతి డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఎవరికి చెప్పాలి? ఫొటో తీసి పెట్టాను. వచ్చే శనివారం కళ్లేపల్లి, ఐదు ముప్పావుకి కోటేశ్వరుడి గుడి దగ్గర ఉంటాం, గుడి నుంచి గుడికి. అప్పా, మీరు వస్తే పాప చాలా సంతోషిస్తుంది.

అరసవల్లి అప్ప:

వస్తున్నాను. ఐదు ముప్పావు కాదు, ఆరుంబావు. వెలుతురు రానీయండి.

లస్కరు గారబ్బాయి:

ఫొటో ఇక్కడే పెట్టు తమ్ముడూ, ఏ ఊరి పొలమో కూడా రాయి. ఆ సెక్షన్ చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి ఆఫీసు ఆమదాలవలసలోనే ఉండాలి, సోమవారం నేనే వెళ్లి చూపిస్తాను. జూన్‌లో నీళ్లు వదిలే లోపు అక్కడ మట్టి పడాలి, లేకపోతే గండి అక్కడే పడుతుంది.